కడిగిన ఇలిష్

సంపూర్ణకు వియ్యపురాలి మీద అసూయ కొడుకు పెళ్ళిలోనే పుట్టింది. దానికి కారణం ఒక చేప.

కోడలు పియాలి దమ్మపేట బెంగాలీ డాక్టరు కూతురు. మొలల వైద్యం బోర్డు పెట్టుకుని ముప్పై ఏళ్ళ కిందట ఆ ఊరొచ్చి స్థిరపడ్డ నిమాయి డాక్టరుకూ, ఆయన భార్య బాసంతికీ ఒక్కతే పిల్ల. కొత్తగూడెంలో చదువుకునే రోజుల్లో బెంజమిన్, ఆ అమ్మాయి ఇష్టపడ్డారు. రెండు వైపులా పెద్దగా గొడవ లేకుండానే మణుగూరు చర్చిలో పెళ్ళి కుదిరింది. పెళ్ళి ముందు, పసుపు రాసే రోజున, పెళ్ళికొడుకు ఇంటి నుంచి పెళ్ళికూతురి ఇంటికి పెద్ద చేప ఒకటి అలంకరించి పంపాలి. అది వాళ్ళ ఆచారం. ఆ సంగతి సంపూర్ణకు తెలియదు. చెప్పి ఆమెను ఇబ్బంది పెట్టడం ఎందుకని బాసంతే ఐదు కిలోల రవ్వచేపను తెప్పించి, ఎర్రచీర చుట్టి, ముక్కుపుడక పెట్టి, "వియ్యపురాలు పంపారు" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించింది. ఫోటోలు ఫోన్లలో తిరిగాయి.

మర్నాడు చర్చి దగ్గర చుట్టాలంతా సంపూర్ణను చుట్టుముట్టారు.

"ఎంత మంచిగ ముస్తాబు చేసి పంపినవక్కా చేపను. నీకు గింత పనితనం ఉందని తెల్వదు" అన్నారు.

సంపూర్ణ నవ్వి ఊరుకుంది. పంపింది తాను కాదని చెప్పలేకపోయింది, పంపానని ఒప్పుకోలేకపోయింది. దూరంగా నిలబడి అందరికీ చేతులు జోడిస్తున్న బాసంతిని చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది. ఎదుటి మనిషి తప్పు చేసి ఉంటే తిట్టుకోవచ్చు. ఈమె మంచి పని చేసి నోరు కట్టేసింది.

సంపూర్ణ భర్త స్తెఫను కామెర్లతో పోయేనాటికి బెంజమిన్‌కు నాలుగేళ్ళు. ఆమె మిషన్ దవాఖానాలో ఆయాగా పనిచేసి వాణ్ణి పెంచింది. పిల్లవాడికి చేపలంటే ప్రాణం, ముళ్ళంటే భయం. ఒకసారి గొంతులో ముల్లు ఇరుక్కుని రాత్రంతా ఏడ్చాడు. అప్పటి నుంచి వాడు పదో తరగతి పాసయ్యేదాకా, ప్రతి ముక్కా తాను విప్పి, వేళ్ళతో తడిమి, ముల్లు లేదని తేల్చుకున్నాకే వాడి కంచంలో పెట్టేది. వాడికి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం వచ్చి కాలనీలో క్వార్టర్ ఇచ్చాక కూడా, బొచ్చెచేప వండిన రోజు ఆమె చెయ్యి దానంతటదే వాడి కంచం వైపు వెళ్ళేది.

పెళ్ళయిన మొదటి జ్యేష్ఠమాసంలో దమ్మపేట నుంచి పిలుపు వచ్చింది. అమావాస్య తర్వాత ఆరో రోజు బెంగాలీలకు అల్లుళ్ళ పండుగ. జమాయి షష్ఠి అంటారు. ఆ రోజు అత్తగారు అల్లుడి నుదుట పెరుగుబొట్టు పెట్టి, చేతికి పసుపుదారం కట్టి, తాటాకు విసనకర్రతో విసురుతూ కడుపునిండా అన్నం పెడుతుంది. ఆ కంచంలో ఇలిష్ ఉండాలి. ఎన్ని వండినా అది లేకపోతే పెట్టినట్టు కాదు. ఇలిష్ అంటే వేరే ఏదో కాదు, సముద్రంలో పెరిగి వరదకు ఎదురెక్కి నదిలోకి వచ్చే మన పులసే. గోదావరి జిల్లాల వాళ్ళు దాన్ని ఏడాదికోసారి దొరికే భాగ్యం అనుకుంటారు. బెంగాలీలు దాన్ని ఇంట్లో మనిషి అనుకుంటారు.

మొదటి ఏడు బెంజమిన్, పియాలి ఇద్దరే వెళ్ళారు. రెండో ఏడు సంపూర్ణ కూడా వెళ్ళింది. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

దమ్మపేట ఇంట్లో చాప పరిచి బెంజమిన్‌ను కూర్చోబెట్టారు. బాసంతి పక్కన కూర్చుని విసురుతోంది. కంచంలో ఆవపిండి ముద్దలో ఆవిరి మీద ఉడికిన చేప ముక్కలు. పచ్చిమిరపకాయలు తప్ప ఉల్లిగడ్డ లేదు, వెల్లుల్లి లేదు, చింతపండు లేదు. ఆ చేపకు ఉన్నన్ని ముళ్ళు సంపూర్ణ ఇంకే చేపలోనూ చూడలేదు. వెంట్రుకల్లా సన్నగా, చీలి, వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆమె అలవాటుగా ముందుకు జరగబోయింది. అంతలో బెంజమిన్ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, మాట్లాడుతూనే నాలుకతో ముళ్ళను వేరుచేసి, పెదవుల మధ్య నుంచి ఒక్కొక్కటీ తీసి కంచం అంచున వరసగా పెట్టాడు.

"ఎప్పుడు నేర్చుకున్నవ్ రా?" అంది సంపూర్ణ.

"మా నేర్పింది" అన్నాడు వాడు.

వాడు బాసంతిని 'మా' అని, డాక్టరును 'బాబా' అని పిలుస్తాడు, అమ్మా నాన్నా అన్నట్టు. బెంగాలీ అల్లుళ్ళంతా అలాగే పిలుస్తారట. సంపూర్ణ ఆ రోజు అన్నం సగంలో వదిలేసింది. ఎండకు కడుపు బాగాలేదని చెప్పింది.

ఇంటికొచ్చాక పాస్టరమ్మ మహిమ దగ్గరికి వెళ్ళింది. "మన పిల్లగాడు గట్ల అన్యుల దారం కట్టించుకోవచ్చానమ్మా? దేవునికి ఇష్టమేనా?" అని అడిగింది.

మహిమ బియ్యం చెరగడం ఆపింది. "నువ్వు దారం గురించి అడుగుతున్నవా సంపూర్ణక్కా, ఆమె గురించి అడుగుతున్నవా?"

సంపూర్ణ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మూడో ఏడు బెంజమిన్‌కు సెలవు దొరకలేదు. ఎండాకాలం లోడు ఎక్కువై మోటర్లు కాలిపోతున్నాయని పై ఆఫీసరు ఒప్పుకోలేదు. అప్పుడు బాసంతి ఫోన్ చేసింది.

"వదినా, ఈసారి నేనే మణుగూరు వస్తాను. మీ వంటింట్లోనే వండి పెడతాను. మీకేమీ పని ఉండదు, మీరు ఊరికే కూర్చోండి."

సంపూర్ణ "రా వదినా, నీ ఇల్లే" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లో నిలబడింది. పొయ్యి, గిన్నెలు, పోపులపెట్టె, కిటికీ చువ్వకు వేలాడే మసిగుడ్డ. అన్నీ తాను సర్దుకున్నవే. ఆ గదిలో తాను ఊరికే కూర్చోవాలట.

షష్ఠి రోజు ఉదయం ఏడు గంటలకు బాసంతి పిన్ని కొడుకు వచ్చాడు. పవర్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు వెల్డర్. హౌరా నుంచి వచ్చిన మనిషి దగ్గర ఖమ్మం స్టేషన్లో థర్మాకోల్ పెట్టె అందుకుని నేరుగా తెచ్చాడు. వచ్చీరాని తెలుగులో "ఇలిష్" అని, రెండు వేళ్ళు చూపించి వెళ్ళిపోయాడు. బెంజమిన్ అప్పటికే మొదటి షిఫ్టుకు పోయాడు. పియాలి ల్యాబ్‌లో డ్యూటీకి బయలుదేరుతూ పెట్టె మీద చెయ్యివేసి, చిన్నపిల్లలా నవ్వి, "మా పన్నెండింటికి వస్తది అత్తమ్మా. పెట్టె ఫ్రిజ్‌ల పెట్టుండ్రి" అని చెప్పి వెళ్ళింది.

ఎనిమిదింటికి బాసంతి బస్సులోంచి ఫోన్ చేసింది. "వదినా, చేప వచ్చిందా? మంచిది. తెరవకండి. నీళ్ళు మాత్రం తగలనివ్వకండి. కోసిన తర్వాత ఇలిష్‌ను కడిగామా, ఇంకేమీ మిగలదు. నేనొచ్చి చూసుకుంటాను."

చేపను కడగొద్దని తనకు చెబుతోంది. నలభై ఏళ్ళుగా గోదావరి చేపలు కోస్తున్న మనిషికి. వేరే రోజైతే సంపూర్ణ ఆ మాటను పక్కన పెట్టేసేది. ఆ రోజు అది లోపలికి దిగింది.

ఆమె పెట్టె తెరిచింది. ఐసుముక్కల మధ్య రెండు చేపలు, కొత్తగా తోమిన వెండి గిన్నెల్లా ఉన్నాయి. బొడ్డు కింద నిండుగా ఉబ్బి ఉన్నాయి, లోపల గుడ్ల జన ఉందని తెలుస్తోంది. సంపూర్ణ వాటిని చేతిలోకి తీసుకుంది. చేప తెలిసిన మనిషి కనుక ఆమెకు ముందు కలిగింది గౌరవమే. తర్వాతే, మధ్యాహ్నం మూడున్నరకు బెంజమిన్ వచ్చి ఈ చేపను తింటూ ఎవరి ముఖంలోకి చూస్తాడో అన్న ఆలోచన వచ్చింది.

కత్తిపీట వేసుకుని కూర్చుంది.

ఆ తర్వాత చేసినదంతా ఎప్పుడూ చేసే పనే. పొలుసు గీసింది. ముక్కలు కోసింది. ఉప్పు, పసుపు వేసి గరుకురాయి మీద రుద్దింది. నిమ్మకాయ పిండింది. నీళ్ళు మార్చి మార్చి కడిగింది. మొదటి నీళ్ళ మీద నూనె తెట్టెలా తేలింది, అంత కొవ్వు ఏ చేపకూ చూడలేదు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. తర్వాత ఆ నీళ్ళు బయట తూములో పోసింది. తెల్లటి ముక్కలు, నీసు వాసన లేని ముక్కలు గిన్నెలో మిగిలాయి. ఉల్లిగడ్డ కాల్చి నూరింది. ధనియాలు, మెంతులు వేయించి పొడి చేసింది. పాత చింతపండు చిక్కగా పిసికింది. మట్టిచట్టిలో పులుసు కుతకుతా ఉడుకుతుంటే పక్క క్వార్టర్ పద్మప్రియ గోడ మీది నుంచి తొంగిచూసి, "ఏంది పిన్నీ, వాసన గింత మంచిగొస్తంది?" అంది. సంపూర్ణకు ఆ మాట చాలా తృప్తిగా అనిపించింది.

తాను సాయం చేస్తున్నానని ఆమె తనకు తాను చెప్పుకుంటూనే ఉంది. ముసలావిడ, ఎండలో బస్సులు మారి వస్తోంది, వచ్చేసరికి వంట అయిపోతే సుఖపడుతుంది కదా. బాసంతి తనకంటే ఐదేళ్ళు చిన్నదన్న సంగతి ఆ సమయానికి గుర్తు రాలేదు.

పన్నెండున్నరకు బాసంతి వచ్చింది. ముఖమంతా చెమట. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో ఇంటి దగ్గరే రుబ్బి డబ్బాలో పెట్టి తెచ్చిన ఆవపిండి ముద్ద, పెరట్లో కోసిన బచ్చలి కూర, అరటాకులు. ఇంకోదాంట్లో కొత్త చొక్కా, పసుపుదారం, విసనకర్ర. గుమ్మంలోకి రాగానే వాసన తగిలి ఆగిపోయింది. సంచులు కింద పెట్టి, వంటింట్లోకి వచ్చి, చట్టి మీది మూత తీసింది.

"కడిగారా?" అంది.

"కడగకుండ ఎట్ల వండుతరు వదినా? ఏడు నీళ్ళు కడిగిన. నీసు అస్సల్లేదు, చూడు."

"రెండూనా?"

"రెండూ."

"కొవ్వు?"

"నీళ్ళతోటి పోయింది."

బాసంతి మూత మెల్లగా పెట్టేసింది. గడప మీద కూర్చుంది. చీరచెంగుతో ముఖం తుడుచుకుని, చెంగును చాలాసేపు ముఖం మీదే ఉంచుకుంది. సంపూర్ణ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బాసంతి తీసుకోలేదు.

"నేను ఫోన్‌లో చెప్పాను."

"నీకు పని తప్పుతదని చేసిన."

"కాదు వదినా." బాసంతి గొంతు పెరగలేదు. "ముప్పై ఏళ్ళుగా దమ్మపేటలో ఉన్నాను. తెలుగువాళ్ళు చేప ఎలా వండుతారో నాకు తెలుసు, నేనూ వండుతాను. మీరు ఇది వంట కోసం చేయలేదు. నేను రావడం మీకు ఇష్టం లేదు. ఆ మాట నాతో అనాల్సింది. చేప ఏం చేసింది?"

సంపూర్ణకు కోపం వచ్చింది. నిజం విన్నప్పుడు వచ్చే కోపం.

"అవ్. ఇష్టం లేదు. నీకేం తక్కువ? మొగుడున్నడు, బిడ్డ ఉంది, నీకు పండుగ ఉంది, ఆ పండుగకో చేప ఉంది. నాకు ఒక్క పిల్లగాడు. వాణ్ణి కూసోబెట్టి విసరమని నా దేవుడు నాకు ఏ రోజూ పెట్టలే. వాడు నిన్ను మా అంటడు. నన్ను అమ్మా అంటడు. రెంటికీ తేడా ఏముంది? ముళ్ళు తీసుకునుడు సుత నువ్వే నేర్పినవ్."

చెప్పేసి ఆమె గోడకు తిరిగి నిలబడింది. దూరంగా గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగి ఆగింది.

"నేను పుట్టిన ఊరికి పేరు లేదు వదినా" అంది బాసంతి. "నంబరే. మల్కన్‌గిరి అడవిలో మావాళ్ళందరికీ నంబర్ల ఊళ్ళు ఇచ్చారు. మా నాన్న పద్మా నది ఒడ్డున పుట్టాడు. దేశం ముక్కలయ్యాక అక్కడి నుంచి తరిమేస్తే ఆ అడవిలోకి వచ్చి పడ్డాడు. చుట్టూ సాలచెట్లు. ఏరు కూడా ఎండాకాలం ఎండిపోయేది. ఇంట్లో జొన్నన్నం, పప్పు. అన్నం ముందు కూర్చుని రోజూ ఇలిష్ గురించి చెప్పేవాడు. ఎలా మెరుస్తుంది, ఏ వానకు వస్తుంది, దాని నూనె ఒక్క చెంచా అన్నంలో కలిపితే ఎలా ఉంటుంది. మేం పిల్లలం ఆ కబుర్లే నంజుకుని తినేవాళ్ళం. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా ఆ చేప ముఖం చూడలేదు."

సంపూర్ణ తిరిగి చూసింది.

"నా పెళ్ళయ్యాక మొదటి షష్ఠికి మా నాన్న రాయపూర్ దాకా వెళ్ళాడు. కలకత్తా నుంచి ఎవరో తెస్తే అందుకుని, రెండు బస్సులు, ఒక లారీ మారి తెచ్చాడు. ఒక్కటే చేప. అల్లుడికి పెట్టాక తోకముక్క నాకు ఇచ్చాడు. తాను తినలేదు. చేతులు కడుక్కోకుండా పడుకున్నాడు, వాసన పోతుందని."

ఆమె లేచింది. సంచి తెరిచి, కొత్త చొక్కా తీసి బల్ల మీద పెట్టింది. ఆవపిండి డబ్బా, బచ్చలి కూర ఫ్రిజ్‌లో పెట్టింది. దారం, విసనకర్ర మళ్ళీ సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అంది సంపూర్ణ.

"ఇంటికి. కోపంతో ఉన్న చేత్తో దారం కట్టకూడదు. పిల్లవాడికి మంచిది కాదు."

"అన్నమన్న తిని పో."

బాసంతి తల అడ్డంగా ఊపింది. ఎండలో, కాలనీ రోడ్డు మీద బస్టాండు వైపు నడిచి వెళ్తున్న ఆమెను సంపూర్ణ కిటికీలోంచి చూసింది. పిలవాలనుకుంది.

మూడున్నరకు బెంజమిన్ వచ్చాడు. స్నానం చేసి, ఆకలితో కూర్చుని, "మా ఏదీ?" అన్నాడు.

"వచ్చి పోయింది. డాక్టరు గారికి జ్వరమంట. ఫోన్ వస్తే జల్దీ పోయింది."

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. వాడు పులుసు కలుపుకుని రెండు ముద్దలు తిని, "మంచిగుందమ్మా" అన్నాడు. ఆమె పొద్దుటి నుంచీ ఎదురుచూసింది ఆ మాట కోసమే. విన్నాక ఏమీ అనిపించలేదు. వాడు ఎడమచేత్తో ఫోన్ తీసి స్పీకర్ పెట్టి బాసంతికి చేశాడు.

"మా, బాబాకు జ్వరమా? ఎట్లుంది?"

సంపూర్ణ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఫోన్‌లో బస్సు చప్పుడు. తర్వాత బాసంతి గొంతు వినిపించింది.

"ఆ బాబూ, కొంచెం. తగ్గిపోతుంది. నువ్వు తిన్నావా? మీ అమ్మ వండిన చేప బాగుందా?"

"బాగుంది మా."

"తృప్తిగా తిను."

ఫోన్ కట్టయింది. బెంజమిన్ మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. సంపూర్ణ గరిటె చట్టిలో పెట్టింది. బాసంతి తనను కాపాడింది. ఇంత చేసినా కాపాడింది. మంచితనంలో కూడా ఈ మనిషి తనకంటే ముందు నిలిచింది. సిగ్గుతో పాటు, ఆ సిగ్గును మించి, పాత అసూయే మళ్ళీ రేగింది. ఆ మంచితనాన్ని ఆమెకు ఒక్కదానికే వదిలెయ్యడం సంపూర్ణ వల్ల కాలేదు.

"జ్వరం లేదు రా" అంది. "నేను అబద్ధం చెప్పిన. ఆమె సుత నా కోసమే చెప్పింది."

మొత్తం చెప్పింది. కావాలనే కడిగానని కూడా చెప్పింది. బెంజమిన్ కంచంలో చెయ్యి అలాగే ఉంచి విన్నాడు. అరవలేదు. "నాకు చెప్తే అయిపోయేది కదమ్మా" అన్నాడు చివరికి. చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

సాయంత్రం పియాలి ఫ్రిజ్‌లో ఆవపిండి డబ్బా చూసింది. భర్త ఏం చెప్పాడో, లోపల గదిలో చాలాసేపు మాటలు వినిపించాయి. బయటికొచ్చాక ఆమె అత్తతో పోట్లాడలేదు. కావలసిన మాటలు మాత్రమే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆదివారం ఇద్దరూ బండి మీద దమ్మపేట వెళ్ళారు. "వస్తవా అమ్మా?" అని బెంజమిన్ అడగలేదు.

సంపూర్ణ చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేయబోయింది. ఏం అడగాలో తెలియలేదు. బాసంతిని ఎవరూ మెచ్చుకోని ఒక్క రోజు ఇమ్మని అడగాలని ఉంది. అలాంటివి అడగకూడదు కనుక లేచి వచ్చేసింది.

జులై పోయింది. వానలు పడి గోదావరి ఎర్రగా మారింది. భద్రాచలం దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని టీవీలో చెబుతున్నారు. ఆగస్టులో ఒకరోజు చేపల మార్కెట్‌లో బొజ్జయ్య అనే అమ్మకందారు, కింద బ్యారేజీ దగ్గర పులస పడుతోందని ఎవరితోనో అంటుంటే సంపూర్ణ విన్నది.

"గది ఇంత దూరం రాదా?" అని అడిగింది.

"అడ్డంగ బ్యారేజీ కట్టినంక ఎట్ల వస్తదమ్మా? కావాల్నంటే మనమే పోవాలె."

మర్నాడు తెల్లవారి బస్సుకు ఆమె బయలుదేరింది. పియాలితో "దమ్మపేట పోతున్న" అని మాత్రం చెప్పింది. పియాలి ఆశ్చర్యంగా చూసింది కానీ అడ్డు చెప్పలేదు. కొత్తగూడెంలో బస్సు మారింది. ఆ బస్సు దమ్మపేట దగ్గరికి వచ్చినప్పుడు ఆమె దిగలేదు. అశ్వారావుపేట దాటి, ఆంధ్రలోకి పోయి, రాజమండ్రిలో దిగి, ఆటో ఎక్కి ధవళేశ్వరం గట్టు చేరేసరికి మధ్యాహ్నమైంది. అరవై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ ఒంటరిగా ఖమ్మం దాటని మనిషి. చిన్న జల్లు పడుతోంది. గట్టు మీద గొడుగు కింద ఒకామె పళ్ళెంలో నాలుగు చేపలు పెట్టుకుని కూర్చుంది.

"పెద్దది కావాలె. జన ఉన్నది" అంది సంపూర్ణ.

"ఎవరికండీ? పెళ్ళివారికా?"

"మా వియ్యపురాలికి."

చేపలామె ముచ్చటపడింది. "అయితే వినండి. బెండకాయలేసి పులుసెట్టండి. సన్న సెగ మీద పెట్టి, రేపు తినాలండి, ఇయ్యాల కాదు."

"పులుసు కాదు. ఆమె ఆవపిండిల వండుతది."

"ఆవపిండా?" ఆ చేపలామె సంపూర్ణ ముఖంలోకి జాలిగా చూసింది. "దీన్నా?"

"మంచిగనే ఉంటదంట" అంది సంపూర్ణ. తనకు తెలియకుండానే బాసంతి తరఫున మాట్లాడుతున్నానని ఆ తర్వాత గమనించింది.

ఐసు నింపిన డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చుంది. డబ్బా కారుతూ చీర తడిసింది. పక్క సీటు మనిషి వాసనకు లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. దారంతా ఆమె ఐసు కరిగిపోతుందేమోనని మూత తడుముతూనే ఉంది. జంగారెడ్డిగూడెంలో బస్సు ఆగితే దిగి సోడా కొట్టు వాణ్ణి బతిమాలి ఇంకొంచెం ఐసు వేయించుకుంది.

దమ్మపేట చేరేసరికి సాయంత్రం ఐదు. నిమాయి డాక్టరు వాకిట్లో బెంచీ మీద ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉన్నారు. బాసంతి మొక్కలకు పాదులు తీస్తోంది. తడిచీరతో, డబ్బాతో నిలబడ్డ వియ్యపురాలిని చూసి చేతి మట్టి దులుపుకుంటూ వచ్చింది. సంపూర్ణ దారి పొడుగునా ఏవేవో మాటలు కూర్చుకుంది. ఏదీ గుర్తు రాలేదు. డబ్బా ఆమె చేతుల్లో పెట్టింది.

"గోదావరిది" అంది. "నేను తెరవలే. నీళ్ళు తగలనియ్యలే."

బాసంతి అక్కడే మెట్టు మీద కూర్చుని మూత తీసింది. మొప్ప ఎత్తి చూసింది, వేలితో పొట్ట నొక్కి చూసింది, వంగి వాసన చూసింది. భర్తను కేకేసి బెంగాలీలో ఏదో చెప్పింది. ఆయన పేషెంట్లను వదిలేసి కళ్ళజోడు సర్దుకుంటూ బయటికి వచ్చాడు. ఇద్దరూ చేప మీదికి వంగి, చాలా రోజులకు కనపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూశారు.

"మీరొక్కరే వెళ్ళారా?" అంది బాసంతి.

"అవ్."

"ముందు చీర మార్చుకోండి వదినా, జలుబు చేస్తుంది."

క్షమించానని ఆమె అనలేదు. క్షమించమని సంపూర్ణ అడగలేదు. వంటింట్లో బాసంతి చేపను కొయ్యకముందే ఒకసారి కడిగి, తుడిచి, కత్తిపీట మీద కోసింది. ముక్కల మీద నెత్తురు, కొవ్వు మెరుస్తున్నాయి. సంపూర్ణ చెయ్యి దానంతటదే నీళ్ళ చెంబు మీదికి పోయింది.

"వదినా" అంది బాసంతి తలెత్తకుండా.

సంపూర్ణ చెంబు దూరంగా జరిపింది.

ముందు జన, కొవ్వు వేయించి ఆ నూనె వేడన్నం మీద పోసి, ఒక పచ్చిమిరపకాయ పక్కన పెట్టి ఇచ్చింది బాసంతి. సంపూర్ణ మొహమాటంగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నీసు వాసన వస్తుందని, దాన్ని మింగి బాగుందనాలని సిద్ధపడి ఉంది. కానీ అలా లేదు. ఆ నూనెలో వానాకాలపు ఏటి వాసన ఉంది, వెన్నలాంటి తీపి ఉంది. తాను తూములో పోసిన మొదటి నీళ్ళు గుర్తొచ్చాయి. తర్వాత ఆవపిండి ముక్క తిన్నది. ఘాటు ముక్కుకెక్కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముళ్ళు ఒక్కొక్కటే తీసుకుంటూ, మాట్లాడకుండా, ఇంకో ముక్క కూడా తిన్నది.

"ఎలా ఉంది?" అంది బాసంతి.

"నా పులుసు కంటే మంచిగుంది" అంది సంపూర్ణ. ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది. కొంచెం ఆగి, "అందుకే ఇంకా కుళ్ళుగ ఉంది వదినా. పోలేదు. పోతదనుకుని వచ్చిన" అంది.

బాసంతి ఆమెను చూసి, నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక నవ్వేసింది. సంపూర్ణకు నవ్వు రాలేదు గానీ, ఆ నవ్వు మీద కోపం కూడా రాలేదు. ఇంకొంచెం అన్నం పెట్టమని కంచం జరిపింది.

మర్నాడు బయలుదేరేటప్పుడు బాసంతి టిఫిన్ డబ్బాలో నాలుగు ముక్కలు సర్ది ఇచ్చింది, పిల్లలిద్దరికీ. బస్సులో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు సంపూర్ణకు ఒక ఆలోచన రాకపోలేదు. ఆవపిండి తానే రుబ్బానంటే ఎవరికి తెలుస్తుంది? పాల్వంచ దాటేదాకా ఆ ఆలోచన ఆమెతోనే ప్రయాణం చేసింది.

బెంజమిన్ షిఫ్టు నుంచి వచ్చేసరికి పియాలి కూడా ఇంట్లోనే ఉంది. డబ్బా మూత తీయగానే ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"మీ అత్త వండింది" అంది సంపూర్ణ, కంచాలు పెడుతూ. "చేప నేను తెచ్చిన."

"నువ్వా? ఎక్కడి నుంచమ్మా?"

"ధవళేశ్వరం నుంచి."

పియాలి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "ఒక్కదానివే పోయినవా అత్తమ్మా?" అంది. ఇన్ని వారాల్లో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఒక్కదాన్నే పోయిన. కూసోండ్రి, చెప్త" అని సంపూర్ణ వాళ్ళ ఎదురుగా కూర్చుని, కొత్తగూడెంలో బస్సు మారిన దగ్గర నుంచి మొదలుపెట్టింది.